ఆరో కథలో గాడిద

నా భార్య కెజియా పోయింది ఒక శనివారం. పొద్దున బడికి తయారవుతూ, కాస్త ఆయాసంగా ఉందని మంచం మీద కూర్చుంది. మళ్ళీ లేవలేదు. చందానగర్‌లో మా పక్కింటివాళ్ళు ఆటో తీసుకొచ్చారు. ఆసుపత్రిలో డాక్టరు చేయి పట్టుకు చూసి, తల అడ్డంగా ఊపాడు. ఆ మధ్యాహ్నం మా బడిలో పిల్లలు గోడకు దుప్పటి తగిలించుకుని ఆమె కోసం ఎదురుచూశారట. హెడ్‌మిస్ట్రెస్ జయలక్ష్మిగారు వచ్చి చెప్పేదాకా ఒక్కరూ లేవలేదట.

ఆ దుప్పటి సంగతి చెప్పాలి.

మేమిద్దరం మాదాపూర్ దారిలోని ఒక ప్రభుత్వ బడిలో పనిచేసేవాళ్ళం. చిన్న తరగతులకు అక్కడ ఇంగ్లిష్ పాఠం లేదు. బడి వెనక గుట్టలు పగలగొట్టి పెద్ద పెద్ద ఆఫీసులు కడుతున్న రోజులవి. మా పిల్లల్లో సగం మంది పాలమూరు నుంచి రాళ్ళు కొట్టడానికి వచ్చిన కుటుంబాలవాళ్ళు. "ఆ రాళ్ళు కొట్టేది వీళ్ళ అమ్మానాన్నలు. రేపు ఆ మేడల్లో మాట్లాడే భాష వీళ్ళ చెవిన కూడా పడకపోతే ఎలాగండీ?" అని కెజియా శనివారం మధ్యాహ్నాలు ఇంగ్లిష్ క్లబ్బు మొదలుపెట్టింది.

ఆ క్లబ్బుకు పుస్తకం లేదు. ఉన్న పుస్తకాలు ఆమెకు నచ్చలేదు. బాపట్లలో మా చిన్నప్పుడు సండే స్కూల్లో చెక్క పలకకు నూగు దుప్పటి బిగించి, దాని మీద బొమ్మలు అంటిస్తూ కథలు చెప్పేవారు. బొమ్మ వెనక గరుకు కాగితం ముక్క ఉంటే చాలు, దుప్పటికి పట్టుకుని నిలబడుతుంది. తీసి ఇంకోచోట పెట్టవచ్చు. నడుస్తున్నట్టే ఉంటుంది. మాకు తెలిసిన పద్ధతి అదొక్కటే. అదే తీసుకున్నాం.

సాయంత్రాలు వరండాలో చాప వేసుకునేవాళ్ళం. పక్కన మైదా జిగురు గిన్నె, రంగుల పెట్టె. ఆమె గీసేది, నేను కత్తిరించేవాణ్ణి. నా చేతికి కత్తెర సరిగా ఆడదు.

"ఏవండీ, ఆవుకి చెవి కోసేశారు. ఇంక దీన్ని ఎంత పిలిచినా రాదు."

"రెండో చెవి ఉందిగా."

"సరే, ఆ వైపు నుంచే పిలుద్దాం లెండి."

ఆ చెవి తెగిన ఆవుతోనే ఒక కథ అల్లింది. ముంబయి రోడ్డు మీద లారీల చప్పుడు తగ్గేదాకా అక్కడే కూర్చునేవాళ్ళం. వరండాకు ఎదురుగా అప్పుడింకా ఇళ్ళు లేవు. బండలు, సీతాఫలం పొదలు ఉండేవి. నా జీవితంలో నేను తొందర లేకుండా గడిపిన కాలం ఏదంటే అదే.

బొమ్మలకు ఆమె పెట్టుకున్న షరతు ఒకటుంది. పిల్లలు చేత్తో ముట్టుకోని వస్తువు బొమ్మల్లో ఉండకూడదు. ఆపిల్ పండు అలా పోయింది. "వీళ్ళింట్లో ఎవరైనా ఆసుపత్రిలో పడుకుంటేనే ఆపిల్ వస్తుంది, మనకెందుకండీ అది" అంది. తట్ట, సుత్తి, నీళ్ళ డ్రమ్ము, గాడిద వచ్చాయి. మట్టి మోయడానికి ఆ కుటుంబాలు గాడిదలను వెంట తెచ్చుకునేవి. మా పిల్లల నోట తడబాటు లేకుండా పలికిన మొదటి ఇంగ్లిష్ మాట డాంకీ.

కథ చెప్పడంలో కూడా ఆమెకొక పద్ధతి ఉండేది. ముగింపు దాకా వచ్చి ఆగిపోయేది. తర్వాత ఏమవుతుందో పిల్లలు చెప్పాలి, అది కూడా తెలుగులో. వాళ్ళు పోట్లాడుకునేవారు. అందరూ ఒక మాట మీదకు వచ్చాకే ఆమె ఆ మాటకు తగిన చిన్న ఇంగ్లిష్ వాక్యాలు వెతికేది, చివరి బొమ్మ గీసేది. ఒక్క పిల్ల ఒప్పుకోకపోయినా వచ్చే శనివారం దాకా ఆగేది. అలా అయిదు కథలు పూర్తయ్యాయి.

ఆరోది తప్పిపోయిన గాడిద కథ. వేర్ ఈజ్ ది డాంకీ? రాయి వెనక ఉందా? నో. డ్రమ్ము పక్కన ఉందా? నో. అంతవరకు బొమ్మలు తయారు. ఆ శనివారం పిల్లలను ముగింపు అడగాలనుకుంది.

సమాధి కార్యక్రమానికి వచ్చినవాళ్ళలో రాబిన్ అనే కుర్రాడున్నాడు. మా చర్చివాడే, కొత్త ఆఫీసుల్లో ఒకదానిలో ఉద్యోగం. కొన్నాళ్ళ తర్వాత ఇంటికి వచ్చాడు. కెజియా బొమ్మల కథలను వాళ్ళ ఆఫీసు ఖర్చుతో అచ్చువేసి శేరిలింగంపల్లి మండలంలోని బడులన్నిటికీ ఇస్తామన్నాడు. తన బడి దాటి ఆ బొమ్మలు వెళ్ళాలని ఆమె కోరిక. నాకు తెలుసు.

"ఆరు స్టోరీస్ అని మా మేనేజరుకి చెప్పేశానండి. ఆరోదానికి ఎండింగ్ ఒక్కటి ఇస్తే చాలు. మిగతాది మా డిజైనర్ చూసుకుంటాడు."

"ముగింపు ఆమె చెప్పలేదు బాబూ."

"మీరు రాసేయండి సార్, ఎవరికి తెలుస్తుంది? ఇంకొకటండీ. గాడిద బదులు కుక్కపిల్ల అయితే క్యూట్‌గా ఉంటుందంటున్నాడు మా డిజైనర్."

"కుక్కపిల్ల మట్టి మోస్తుందా?" అన్నాను. కెజియా అయితే ఇంకా బాగా అనేది. రాబిన్ నవ్వి, గాడిదే ఉండనివ్వండి సార్ అన్నాడు. ఆ నెలాఖరుకు కావాలన్నాడు.

నాకు బొమ్మలు గీయడం రాదు. చివరి బొమ్మ కోసం పెట్టె వెతుకుతుంటే సండే స్కూలు బొమ్మలు దొరికాయి. తప్పిపోయిన గొర్రెను భుజాల మీద వేసుకుని ఇంటికి వస్తున్న కాపరి. నాకు చిన్ననాటి నుంచి తెలిసిన ముగింపు. ఆ గొర్రెకు బూడిదరంగు పూసి, చెవులు సాగదీసి అంటించాను. గాడిద దొరికింది, యజమాని సంతోషంగా ఇంటికి తెచ్చాడు. ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను.

శనివారం దుప్పటి తగిలించాను. కెజియా లేకుండా అది మొదటిసారి. పిల్లలు అలవాటుగా ఆడపిల్లలు ముందు, మగపిల్లలు వెనక కూర్చున్నారు. వేర్ ఈజ్ ది డాంకీ అని నేనంటే, నో, నో అని వాళ్ళు అరిచారు. చివరికి కాపరిని దుప్పటి మీద పెట్టాను.

ఎవరూ అరవలేదు.

"సార్, గీయన నైటీ ఎందుకేస్కున్నడు?" అన్నాడు అనిల్. నాలుగో తరగతి.

నవ్వులు. ఆ అంగీ పాతకాలం మనుషులదని చెప్పాను.

"గాడిదను మెడ మీద ఏస్కున్నడేంది సార్? గాడిద మోయాలె గని గాడిదను మోస్తరా?"

"అది కాల్జారి పడ్డదేమోరా."

"పడ్డా గంతే బరువుంటది. నువ్వు మోస్తవా? మోసి సూపెట్టు."

"సార్ తమాష జేస్తుండు, సప్పుడు జేయకున్రి."

గది గోలగోలైంది. నేను బల్ల మీద బెత్తంతో కొట్టాను. కెజియా ఎప్పుడూ కొట్టలేదని అప్పుడు తోచింది. ముందు వరసలో ఈరమ్మ అనే పిల్ల నవ్వడం లేదు. రాళ్ళు కొట్టేవాళ్ళ పిల్ల. దుప్పటి వైపు చూస్తోంది.

"నీకు నచ్చలేదా ఈరమ్మా?"

"టీచరమ్మ అయితే మమ్ముల అడుగుతుండె."

"సరే, నేను అడుగుతున్నాను. చెప్పండి. గాడిద ఎక్కడుంది?"

అప్పుడు మొదలైంది. రైలు పట్టాల దగ్గరుందన్నారు కొందరు. మణికొండ బందెలదొడ్లె కట్టేసిన్రు అన్నాడు ఒకడు. లారీ ఎక్కి బొంబాయి పోయింది అని అనిల్ అంటే మళ్ళీ నవ్వులు. చివరికి చాలామంది రైలు పట్టాల వైపు మొగ్గారు. ఈరమ్మ ఒక్కతే ఒప్పుకోలేదు.

"దొర్కలే సార్."

"అలా ఎందుకు?"

"మాది ఒకటి పోయింది. మా నాయన దేవులాడిండు, దేవులాడిండు. అంతట అడిగిండు. దొర్కలే."

"ఏయ్, కథలో దొర్కుతది తియ్యే" అన్నాడు అనిల్.

"ఎందుకు దొర్కుతది? పోయింది దొర్కలే అంటే దొర్కలే."

"మరి మీ నాయన ఏం చేశాడు?" అని అడిగాను.

"ఏం జేస్తడు సార్. మా అవ్వ ఇగ సాలు రా అన్నది. వచ్చిండు. బువ్వ తినలే ఆ పొద్దు."

నేను దుప్పటి వైపు తిరిగి కాపరి బొమ్మను ఊడదీశాను. గరుకు కాగితం దుప్పటి నూగును కాస్త పట్టుకుని వచ్చింది. ఆ నూగు గిల్లి తీసేదాకా అటే తిరిగి నిలబడ్డాను. వెనక ఎవరూ మాట్లాడలేదు. ఆ కాసేపూ వాళ్ళు అలా ఊరుకున్నందుకు ఇప్పటికీ నాకు కృతజ్ఞత ఉంది.

"వచ్చే శనివారం మళ్ళీ అనుకుందాం" అన్నాను. ఒక్క పిల్ల ఒప్పుకోకపోతే ఆగడమే కదా పద్ధతి.

వచ్చే శనివారానికి ఈరమ్మ లేదు. బడి వెనక గుట్ట పని అయిపోయింది. వాళ్ళ గుడిసెల చోట మూడేసి రాళ్ళ పొయ్యిలు మాత్రం ఉన్నాయి. గచ్చిబౌలి అవతలికి పోయారని ఒకరు, పాలమూరుకే పోయారని ఒకరు చెప్పారు. సైకిలు మీద గచ్చిబౌలి దాకా వెళ్ళి రెండు మూడు చోట్ల అడిగాను. అక్కడ గాడిదలు లేవు, యంత్రాలు తవ్వుతున్నాయి.

జయలక్ష్మిగారు స్టాఫ్ రూములో టీ ఇస్తూ అన్నారు: "జాన్సన్ సార్, గింత పరేషాన్ ఎందుకు? మిగిలిన పిల్లలందరు పట్టాల కాడ దొరికిందన్నరు కద. గదే రాసియ్యున్రి. కెజియా పేరు ఆరు కథల మీద ఉంటది."

"ఆవిడ అలా రాయదండీ."

"ఆ పిల్ల మల్ల వస్తదా సార్?"

నేను కప్పు కింద పెట్టాను. ఆమె కప్పులో ఇంకాస్త టీ పోశారు.

నెలాఖరున రాబిన్‌కు అయిదు కథలే ఇచ్చాను. అతను కొంచెం చిన్నబుచ్చుకున్నాడు గానీ మాట నిలబెట్టుకున్నాడు. అచ్చయిన బొమ్మలు మండలంలోని బడులకు వెళ్ళాయి. ఒకసారి గచ్చిబౌలి బడికి పనిమీద వెళ్తే, కిటికీలోంచి పిల్లలు ఆ చెవి తెగిన ఆవును పిలుస్తున్న కేకలు వినిపించాయి. కాసేపు బయటే నిలబడి విన్నాను.

ఆరో కథ నా దగ్గరే ఉంది. దాని చివరి బొమ్మ ఇంకా గీయలేదు.