చంపిన క్రిమికి కాపలా

కాలిన గాయాల వార్డు వరండాలో ఆయాలందర్నీ వరసగా నిలబెట్టి, "చేతులు చాపండి" అన్నాడు సూపరింటెండెంటు. బెత్తం దెబ్బకు బడిపిల్లలు చాపినట్టు చాపారు వాళ్లు. మంచాల మీది రోగులూ, మంచాల పక్కన నేలమీద కూర్చున్న వాళ్ల మనుషులూ అందరూ చూస్తూనే ఉన్నారు.

"చూడండి. మీ వాళ్లను చంపుతున్నవి ఈ చేతులే" అన్నాడు ఆయన వాళ్లవైపు తిరిగి.

వరస చివర నిలబడ్డ ఆయాను ఆస్పత్రిలో చిన్నా పెద్దా అందరూ వదిన అనే పిలుస్తారు. తమ్ముణ్ణి మట్టిచేసి వచ్చి ఆ ఉదయమే డ్యూటీలో చేరింది. ఆమె కూడా చేతులు చాపింది. వెనకనుంచి ఎవరో ముసలామె "మీ చేతులు పడిపోను" అని తిట్టింది. అందర్నీ కలిపి తిట్టిన తిట్టే అయినా అది సూటిగా వదినకే తగిలింది.

తమ్ముడు బాయిలరు దగ్గర పనిచేసేవాడు. ఆవిరి గొట్టం పగిలి కాళ్లు కాలితే అక్క పనిచేసే వార్డుకే తెచ్చారు. "మా అక్క ఉందిగా, నాకేం భయం" అని పక్క మంచాల వాళ్ల దగ్గర గొప్పలు పోయాడు. గాయాలు మానుముఖం పట్టాయి కూడా. అంతలో జ్వరం తగిలింది, కట్లు పచ్చబడ్డాయి, వాసన మొదలైంది. ఒక మందు ఆపి ఇంకోటి ఎక్కించారు, అది ఆపి మరోటి. ఏదీ పనిచేయలేదు. "అక్కా, కాళ్లు కాలితే మనుషులు చచ్చిపోతారా?" అని అడిగాడు చివర్లో. "లేదురా" అంది వదిన. అది అబద్ధం కాదు. కాలినందుకు చావలేదు వాడు. ఆస్పత్రిలో పడుకున్నందుకు చచ్చాడు.

ఆ సంగతి కనిపెట్టింది ల్యాబు డాక్టరమ్మ. మెట్లకింద ఇరుకు గదిలో పనిచేసే మనిషి. మంచాల కమ్మీలు, కుళాయిలు, మందుల బండ్ల చక్రాలు, అన్నీ దూదితో తుడిచి తీసుకెళ్లి పరీక్ష చేసింది. ఏ మందుకూ లొంగని ఆ క్రిమి కిటికీ ఊచల మీద ఆరేసిన గ్లౌజుల్లో దొరికింది.

ఆ గ్లౌజుల కథ చెప్పాలి. షిఫ్టుకు ఒక జత ముఖాన పారేసి చేతులు దులుపుకుంటాడు ఆయాలను పనికి పెట్టిన కాంట్రాక్టరు. ఇంకో జత అడిగితే "ఇంట్లో గిన్నెలు తోముకోడానికా?" అంటాడు. అందుకని ఆయాలు ఆ జతనే సబ్బుతో కడిగి, ఆరేసి, పౌడరు అద్ది మళ్లీ తొడుక్కునేవాళ్లు. కొత్తగా చేరినవాళ్లకు చిరగకుండా ఎలా కడగాలో వదినే నేర్పింది. అది పొదుపనుకున్నారు, పనితనమనుకున్నారు. మంచం నుంచి మంచానికి చావును మోస్తున్నామని ఎవరు మాత్రం అనుకుంటారు?

డాక్టరమ్మ పైవాళ్లను కలిసి మొత్తం చెప్పింది. ఆయాలకు చాలినన్ని గ్లౌజులివ్వండి, ఆపేసిన పరిశోధన డబ్బు మళ్లీ ఇవ్వండి, దీన్ని దేనితో చంపాలో తేలేదాకా చావులు ఆగవు అంది. పైవాళ్లు అందులోంచి ఆయాల చేతుల్ని మాత్రం ఏరుకున్నారు. ఆయాలను తీసేస్తాం, ల్యాబు మూసేస్తాం అన్నారు. పరిశోధనకు పైసా లేదట! ఆస్పత్రి ముందుహాలుకు మాత్రం పాలరాయి దిగుతోంది, అద్దాల తలుపులు దిగుతున్నాయి. రేపు మంత్రిగారు నడవాల్సింది అందులోంచే మరి.

ఆ మధ్యాహ్నం ఆయాలు బట్టలు మార్చుకునే గదిలో కూడారు. నర్సింగు చదివే పిల్లలు కొందరు వచ్చారు. డాక్టరమ్మ గుమ్మంలో అడుగుపెట్టిందో లేదో, మైకు ఒంటికాలిమీద లేచింది. ఆ ఆయా గొంతు మూడో అంతస్తుదాకా వినిపిస్తుందని అందరూ పెట్టిన పేరది.

"రండి తల్లీ! మా కడుపులు కొట్టారు, చాలా? ఇంకేమైనా మిగిలిందా?"

"చెప్పకపోతే ఇంకో మంచం మీద ఇంకో మనిషి పోయేవాడమ్మా."

"పొరపాటు పడ్డాను, గ్లౌజుల్లో ఏమీ లేదని చెప్పండి. మేమూ అదే చెప్తాం. అందరం ఒక్కమాట మీదుంటే ఆ సూపరింటెండెంటేం పీకుతాడు?"

"అవునవును" అంది గదంతా.

వదిన లేచింది. అప్పటిదాకా ఆమె అక్కడున్నట్టే ఎవరూ గమనించలేదు.

"మా తమ్ముడి పుళ్లు రోజూ తుడిచింది నేనే" అంది. "ఇంకో ఆయా చెయ్యి వేస్తానంటే వెయ్యనివ్వలేదు, నా తమ్ముడు కదా అని. పక్క మంచం వాణ్ణి తుడిచి, గ్లౌజులు శుభ్రంగా కడుక్కుని, వచ్చి మా తమ్ముణ్ణి తుడిచాను."

పొద్దున వరండాలో చాపినట్టే రెండు చేతులూ చాపి అందరికీ చూపించింది.

"అబద్ధమాడితే మన ఉద్యోగం నిలబడుద్దేమోనే. ఆ పురుగు కూడా నిలబడుద్ది. నా చేత్తోనే జరిగింది, ఒప్పుకుంటా. మరి కడిగిన గ్లౌజు నా చేతికి తొడిగిందెవడు? మందు వెతికే గదికి తాళమేస్తున్నదెవడు? నిజం ఒప్పుకునే అడుగుదాం. అప్పుడు మన నోరెవడూ మూయలేడు."

మైకు కొంగు నోట్లో కుక్కుకుంది. ఆ నోరు మూతపడటం ఆస్పత్రిలో ఎవరూ అంతకుముందు చూడలేదు.

"గ్లౌజులడుగుదాం, ఉద్యోగాలడుగుదాం. ల్యాబుతో మనకేంటి వదినా? అది చదువుకున్నోళ్ల గొడవ" అంది ఒక ఆయా.

డాక్టరమ్మ జవాబిచ్చింది. "మీ వార్డులో పోయిన ప్రతి మనిషి పుండులోంచి తీసిన క్రిమి నా ఫ్రిజ్‌లో ఉందమ్మా, బతికే ఉంది. ఏ మందు పనిచేస్తుందో దానిమీదే చూడాలి. రేపు పొద్దున ఆ ఫ్రిజ్ పీకేసి తీసుకుపోతారు. అన్నీ పాడైపోతాయి. మళ్లీ దొరకాలంటే మళ్లీ మనుషులు చావాలి."

"నేను పోయి ఆ గుమ్మంలో కూర్చుంటా" అంది వదిన. "వచ్చేవాళ్లు రండి."

మర్నాడు పొద్దున ఫ్రిజ్ మోసుకెళ్లడానికి వచ్చిన కూలీలకు కాలు పెట్టే సందు లేదు. మెట్లకింద డాక్టరమ్మతో కలిసి ఆయాలు, మెట్లమీద నర్సింగు పిల్లలు. రోగుల బంధువులు మొదట కొట్టడానికే వచ్చారు. "మావాళ్లను చంపి ధర్నాలు కూడానా?" అని నిన్నటి ముసలామె వదిన జుట్టు పట్టుకోబోయింది. వదిన తప్పించుకోలేదు. తమ్ముడి సంగతి చెప్పింది, లోపలున్నదేమిటో చెప్పింది. ముసలామె కొడుకు అప్పటికే రెండో మందు మీద ఉన్నాడు. ఆమె కాళ్లు ముడుచుకుని వదిన పక్కనే కూలబడింది. కూలీలు బీడీలు ముట్టించుకుని, "మా వల్ల కాదు సార్, ఆడవాళ్లను తొక్కి పోలేం" అన్నారు.

అవతల ముందుహాలులో మంత్రి రిబ్బను కత్తిరిస్తున్నాడు. చప్పట్ల మీదుగా మైకు గొంతు అక్కడిదాకా పోయింది. "పాలరాయికి డబ్బుంది! ప్రాణానికి లేదా?" ఆ వెంటనే పోలీసులు దిగారు.

"లేవండి, లేవండి" అన్నాడు ఇన్‌స్పెక్టరు. "ఏముందమ్మా ఆ గదిలో, ఇంతమంది కాపలా?"

"మా తమ్ముణ్ణి చంపిన పురుగుంది" అంది వదిన.

"చంపినదానికి కాపలా ఏంటి? పిచ్చా?"

"దాన్ని చంపే మందు దొరికేదాకా అది బతకాలయ్యా. ఆ ఫ్రిజ్ ఆపితే మా తమ్ముడు ఉత్తపుణ్యానికి పోయినట్టే."

ఇన్‌స్పెక్టరు ఆమెను రెక్క పట్టి లేపాడు. ఆమె డాక్టరమ్మ చెయ్యి పట్టుకుంది, డాక్టరమ్మ చెయ్యి మైకు పట్టుకుంది, అలా గొలుసుకట్టుగా లాక్కుపోయారు. చిరిగిన రవికలతో, ఊడిన చెప్పులతో వ్యానులో కుక్కారు. ముసలామె మాత్రం గడప వదల్లేదు. ఒక కానిస్టేబులు ఆమెను లాగుతూనే ఉన్నాడు.

వ్యాను కిటికీకున్న జాలీలోంచి ఆస్పత్రి భవనం చూసి వదిన ఏడ్చింది. తమ్ముడు పోయిన దగ్గర్నుంచి దాచుకున్న ఏడుపంతా ఏడ్చింది. మైకు ఆమె తల ఒళ్లోకి తీసుకుంది.

గేటు దగ్గర రెండో షిఫ్టు ఆయాలు ఎదురొచ్చారు. వ్యాను చూశారు, లోపలివాళ్లను చూశారు. "ఫ్రిజ్ తియ్యనివ్వకండే!" అని అరిచింది వదిన. మైకు అవసరం లేకపోయింది, అంత గట్టిగా అరిచింది. ఆ ఆడవాళ్లు వార్డువైపు తిరగలేదు. టిఫిను డబ్బాలు చేత్తో పట్టుకునే మెట్లకింది గదివైపు పరుగెత్తారు.