పిలిస్తే పలికే మనిషి

“అది కాదమ్మాయ్, నాకు తెలీక అడుగుతాను. దొంగలు మన వంటింట్లోంచి వస్తారా?” అంది అత్తగారు.

ఈ ప్రశ్న ఆవిడ నిన్న సాయంత్రం నుంచీ అడుగుతూనే ఉంది. ఒకసారి కొడుకుని అడిగింది. ఒకసారి గోడని అడిగింది. ఇప్పుడు నేరుగా కోడలినే అడిగింది.

గొడవంతా వేలెడంత ఇనప గడియ గురించి. వంటింటి వెనక చిన్న గది ఉంది. ఒక తలుపు వంటింట్లోకి, ఇంకోటి వెనక సందులోకి. ఆ గదిలో కోడలు బట్టలకు రంగులు వేస్తుంది. కర్టెన్లు, దుప్పట్లు, టేబుల్ గుడ్డలు. వీధిలో అందరూ ఆమెని రంగులావిడ అనే పిలుస్తారు. ఆ గది వంటింటి తలుపుకి లోపలివైపు గడియ పెట్టించుకుంది, అదీ నేరం.

“స్నానాలగదికి గడియంటే అర్థముంది. పడగ్గదికి అంటే అర్థముంది. రంగులు కలుపుకునే గదికెందుకమ్మా? నేనేమన్నా నీ రంగులు తాగేస్తానా?”

“పని మధ్యలో లేవకుండా ఉందామని అత్తయ్యా,” అని గొణిగింది ఆమె.

“లేవొద్దు. నిన్ను లేవమన్నదెవరు?” అన్నాడు భర్త. అప్పటికే చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది. “లోపల కళ్ళు తిరిగి పడ్డావనుకో, తలుపు పగలగొట్టుకోవాలా? అయినా గడియ పెట్టాల్సింది తలుపుకి కాదోయ్, మనసుకి. డిసిప్లిన్ అనేది లోపల్నించి రావాలి.”

నవ్వుతూనే గడియ ఊడదీశాడు. స్క్రూలు చొక్కా జేబులో వేసుకున్నాడు. కోపంగా తీసి ఉంటే ఆమె ఒక మాట అనేదేమో. మంచిగా తీశాడు. మంచివాళ్ళ మీద ఏమని విరుచుకుపడేది? పైగా ఆయన అన్నది నిజమేనని ఆమెకే సగం నమ్మకం. లోపం తనలోనే ఉంది. లేకపోతే కొట్టావిడ అంత మాట ఎందుకంటుంది?

కొట్టావిడ అంటే ఆమె దగ్గర బట్టలు తీసుకుని అమ్మిపెట్టే ఆవిడ. పోయిన నెల నీలం కర్టెన్లు వెనక్కి పంపింది. దేని మీద చూసినా మబ్బుతునకల్లా మచ్చలు. రంగునీళ్ళలో గుడ్డ వేశాక, రంగు పట్టేదాకా కలుపుతూనే ఉండాలి. చెయ్యి ఆపితే గుడ్డ మడత పడుతుంది. మడతలో రంగు ఒకచోట ముద్దగా, ఒకచోట వెలిసినట్టుగా పడుతుంది. ఆ పైన సముద్రంలో ముంచినా ఆ మచ్చ పోదు. ఆమె చెయ్యి ఆపింది, నిజమే. ఒక కర్టెన్‌కి భర్త ఫోన్ చార్జర్ కనబడలేదు. ఒక కర్టెన్‌కి అత్తగారికి ఎవరో ఫోన్ చేసి కోడలిని ఇమ్మన్నారు. ఇంకోదానికి ఎవరు పిలిచారో గుర్తు కూడా లేదు, పిలిచారని పరిగెత్తడం మాత్రం గుర్తుంది.

ఇదంతా కొట్టావిడకి ఎలా చెప్తుంది? “నాదే అశ్రద్ధండీ” అంది.

“మీ పనితనానికి వంక లేదమ్మా, మనిషికే నిలకడ లేదు,” అంది ఆవిడ. “ఒక అతిథిగృహానికి కర్టెన్లు, దుప్పట్లు అన్నీ ఒకే రంగులో కావాలిట. ఎండుగడ్డి రంగు. ఇదొక్కటీ ఇస్తాను. ఇందులో మచ్చ కనబడిందంటే ఇంక నా కొట్టు మెట్లెక్కకండి.”

నిలకడ లేని మనిషి. ఆ మాట ఆమెని వదల్లేదు. సొంతంగా పని పెట్టుకున్న ఆడవాళ్ళకని ఆ మధ్య ఎక్కడో క్లాసు పెడితే వెళ్ళింది. టై కట్టుకున్న కుర్రాయన వచ్చి “మీ మొదటి శత్రువు మీ బద్ధకమే” అన్నాడు. తెల్లారకముందే లేవమన్నాడు. తెల్లారకముందే లేచి, ఇంటిల్లిపాదికీ వంట చేసి, బట్టలు ఉతికి ఆరేసి మరీ వచ్చిన ఆడవాళ్ళంతా బుద్ధిగా తలలూపారు. ఆమె కూడా ఊపింది. పెళ్ళయినప్పటి నుంచీ ఆమె పొయ్యి మీద పాలు పొంగి పోయినరోజు లేదు. కూతురు బడికి ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళలేదు. అత్తగారి మాత్ర వేళ తప్పలేదు. అయినా ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే బద్ధకస్తురాలే కనబడింది.

గడియ ఊడిన మర్నాడు ఆమె ఇంట్లో అబద్ధం చెప్పింది. చిన్న అబద్ధం కూడా కాదు. “పెద్ద పని వచ్చింది కదా, రేపట్నించి మన టైలరమ్మ షాపులో చేసుకుంటాను. పొద్దున్నే వెళ్ళి సాయంత్రం వస్తాను” అంది. టైలరమ్మ ఆమె స్నేహితురాలు. ఆవిడ షాపు అగ్గిపెట్టంత. అందులో మిషను పెడితే మనిషి పట్టదు, మనిషి కూచుంటే మిషను పట్టదు. ఇక పొయ్యీ తొట్లూ ఎక్కడ పెడతారో ఎవరూ అడగలేదు. ఆమె పని ఎలా చేస్తుందో ఇంట్లో ఎవరికీ తెలియకపోవడం మొదటిసారి ఉపయోగపడింది.

పొద్దున్నే మంచి చీర కట్టుకుంది. క్యారేజీ సర్దుకుంది. చెప్పులేసుకుని ముందు గుమ్మంలోంచి “వస్తానండీ” అంటూ వెళ్ళింది. మందులషాపు మలుపు తిరిగి, వెనక సందులోకి వచ్చి, అటూ ఇటూ చూసి, తన గది వెనక తలుపు తీసుకుని దొంగలా లోపలికి దూరింది. దొంగలు వంటింట్లోంచి రారు, అత్తయ్యా, వెనక సందులోంచి వస్తారు అనుకుంది. నవ్వొచ్చింది, బయటికి వినబడకుండా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

వంటింటివైపు తలుపుకి ముందే తాళం వేసింది. రంగుల మందులున్నాయి, పిల్ల ముట్టుకుంటుందని చెప్పింది. “మంచిపని” అన్నాడు భర్త. మనిషి లేని గదికి తాళం వేస్తే ఎవరికీ అభ్యంతరం లేదు. మనిషి లోపలుంటేనే గడియ తప్పయింది.

ఇక ఆ గదిలో కూచుని తను లేని ఇంటిని వినడం మొదలుపెట్టింది. మొదట్లో చెవులు పట్టుకు లాగినట్టే ఉండేది. గిన్నె కింద పడ్డ చప్పుడైతే లేవబోయేది. కుళాయి కట్టకపోతే ప్రాణం కొట్టుకునేది. ఆ రోజుల్లో భర్త ఇంట్లోంచే ఆఫీసు పని చేస్తున్నాడు. “అమ్మా, చక్కెర డబ్బా ఎక్కడ?” అని అడిగాడు. “నాకేం తెలుసురా, అన్నీ ఆ పిల్లే పెడుతుంది” అంది తల్లి. డబ్బాల మూతలు తెరిచి మూసిన చప్పుళ్ళు. తర్వాత చెంచా గ్లాసుకి తగిలిన చప్పుడు. దొరికింది! గోడకివతల ఆమె కర్రతో గుడ్డ కలుపుతూ ఊపిరి వదిలింది. ఇంతేనా? వెతికితే దొరుకుతుందా? ఇన్నేళ్ళూ తను పరిగెత్తిన పరుగులు ఆ చెంచా చప్పుడులో గిర్రున తిరిగాయి.

ఒకరోజు ఆయన ఫోనులో ఎవరితోనో గొప్పగా అంటున్నాడు, “మా ఆవిడ కూడా ఇప్పుడు వర్కుకి వెళ్తోంది. అవును, పొద్దున్న వెళ్తే సాయంత్రమే.” అదే పొయ్యి, అదే తొట్టి, అదే చెయ్యి. చెప్పులేసుకుని మందులషాపు దాకా నడిచొచ్చేసరికి అది వర్కయింది. సంతోషపడాలో ఏడవాలో తెలియలేదు. ఆ సాయంత్రం ఆయనకి ఇష్టమని రెండు కూరలు చేసింది. తప్పు చేసినవాళ్ళు వడ్డించినట్టు కొసరి కొసరి వడ్డించింది.

గుడ్డలు మాత్రం ఒక్క మచ్చ లేకుండా వస్తున్నాయి. తీగల మీద ఆరేస్తే గదంతా కోతలైపోయిన పొలంలా ఉండేది. నిలకడ లేదన్న మనిషి వీటిని చేసిందా అని తడిమి చూసుకునేది.

అలా ఉండగానే ఆ మధ్యాహ్నం వచ్చింది. ఆఖరి పెద్ద దుప్పటి అప్పుడే తొట్లో వేసింది. ముందు గుమ్మంలో కూతురి బూట్ల చప్పుడైంది. ఈ వేళప్పుడు బడి వదలరే అనుకునేలోపే ఏడుపు వినిపించింది. దెబ్బ తగిలిన ఏడుపు కాదు. లోపలెక్కడో అవమానపడి, దారంతా బిగబట్టుకుని, ఇంటికొచ్చాక తెగిన ఏడుపు. “అమ్మేది నాయనమ్మా?” అని అడిగింది.

“మీ అమ్మ పనికెళ్ళింది కదే. ఏమైందమ్మా? ఎవరేమన్నారు? ఇటు రా.”

“నాకు అమ్మ కావాలి.”

మధ్య ఒక్క తలుపు. వెనకనుంచి వెళ్ళి ముందుగుమ్మంలోంచి “ఏమైందే” అంటూ వస్తే సరిపోయేది. మూడు నిమిషాల నడక. వెళ్దాం, ఇదొక్కటీ తీసేసి వెళ్దాం, ఇప్పుడు తీస్తే మచ్చ, మచ్చ పడితే పని పోతుంది, పోతే పోనీ, పిల్ల కన్నా ఎక్కువా, లే, లే అని తనని తాను తిట్టుకుంటూనే ఉంది. చెయ్యి మాత్రం ఆగలేదు. కళ్ళ నీళ్ళు తొట్లో పడుతున్నాయి, కర్ర తిరుగుతూనే ఉంది. గోడకవతల ఏడుపు వెక్కిళ్ళయింది. వెక్కిళ్ళు మాటలయ్యాయి. చివరికి అత్తగారు ఏదో అంటే పిల్ల ముక్కు చీదుతూ నవ్వింది కూడా.

ఆమె జీవితంలో వేసిన రంగుల్లో ఆ దుప్పటి రంగంత చక్కగా ఏదీ కుదరలేదు. ఆరేశాక దాని మొహం చూడలేకపోయింది.

సాయంత్రం ముందుగుమ్మంలోంచి వచ్చి, ఏమీ ఎరగనట్టు “ఏమైంది తల్లీ, కళ్ళలా ఉన్నాయేం?” అని అడిగింది. “ఏం లేదు” అంది కూతురు. ఏడుపైపోయాక వచ్చినవాళ్ళకి దొరికేది అదే.

గుట్టు బయటపడింది మాత్రం గడియతోనూ కాదు, తాళంతోనూ కాదు. తన నోటితోనే.

చివరి రెండు కర్టెన్లు మిగిలాయి. ఒకటి తొట్లో ఉంది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది. వంటింట్లోంచి అత్తగారి గొంతు, “అమ్మాయ్!”

“ఆఁ, అత్తయ్యా!”

పలికాక గాని తెలియలేదు, పలికానని. అటు ఆవిడ నిలబడిపోయింది. ఇటు ఈమె నిలబడిపోయింది. కర్ర మాత్రం తిరుగుతోంది.

“ఎవరది?” అంది అత్తగారు, గొంతు తగ్గించి.

“నేనేనండీ.”

“నువ్వు లోపల... బయట తాళముంది కదే!”

“వెనకనుంచి వచ్చాను. రోజూ ఇలాగే వస్తున్నాను.” ఇక దాచడానికేముంది? “ఎందుకు పిలిచారు? ఏం కావాలి?”

తలుపుకి దగ్గరగా వచ్చినట్టుంది, ఊపిరి వినబడుతోంది. “ఏమీ అక్కర్లేదే. నువ్వు ఇంట్లో లేవని తెలుసు. ఊరికే నోటికొచ్చింది.” మళ్ళీ ఆగి అంది, “మా అత్తగారు పోయాక కూడా, ఎవరో పిలిచినట్టయి పొయ్యి దగ్గర్నించి లేచేదాన్ని.”

ఆ మాటకి ఆమెకి సందు చుట్టి ఆవిడ దగ్గరికి వెళ్ళాలనిపించింది. వెళ్ళలేదు. తొట్లో కర్టెన్ ఉంది.

“అయితే మొన్న పిల్ల ఏడ్చినప్పుడు...” అంది అత్తగారు. అని, మిగతాది అనకుండానే వెళ్ళిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర విచారణ జరిగింది. ఆవిడ కొడుక్కి చెప్పింది, చెప్పకుండా ఎలా ఉంటుంది?

“నన్నో వెధవని చేశావు,” అన్నాడు భర్త. “ఊరంతా చెప్పుకున్నాను మా ఆవిడ వర్కుకెళ్తోందని. గోడవెనక కూచుని మేం చక్కెర కోసం వెతుక్కుంటుంటే విని నవ్వుకున్నావన్నమాట.”

“నవ్వుకోలేదండీ.”

“మరి?”

“మీకు దొరికినప్పుడు సంతోషించాను.”

అత్తగారు కంచంలోకి చూస్తూ “ఆ మాట నిజమే, ఈ మధ్య వీడికి అన్నీ దొరుకుతున్నాయి” అంది. ఆయన తల్లివైపు ఒక చూపు చూశాడు.

కూతురు ఇంతసేపూ ముద్ద కలుపుతూనే ఉంది, తినట్లేదు. “నేను బడినుంచి ఏడుస్తూ వచ్చిన రోజు నువ్వు లోపలున్నావా?”

లేనని చెప్పొచ్చు. ఇన్ని అబద్ధాల్లో ఇంకొకటి. భర్త కూడా ఆ ఒక్క అబద్ధం ఆడమన్నట్టే చూశాడు.

“ఉన్నాను. అంతా విన్నాను.”

“మరి రాలేదేం?”

“గుడ్డ తొట్లో ఉంది. చెయ్యి ఆపితే పాడైపోతుందని రాలేదు.”

పిల్ల ఏడవలేదు. పెద్దవాళ్ళు చూసినట్టు ఒకసారి చూసి, ముద్ద నోట్లో పెట్టుకుంది. ఆ చూపుని ఆమె ఈ జన్మకి మర్చిపోదు. మర్చిపోవాలని కూడా అనుకోలేదు. పిల్ల దగ్గర ఎంత బాకీ పడిందో అంతా తీర్చాలి. కానీ మళ్ళీ పరిగెత్తి తీర్చడం కాదు. దాక్కుని చేసినందువల్లే ఆ రోజు తలుపు తట్టే దారి పిల్లకి లేకుండా పోయింది. అక్కడుందని తెలిస్తే, ఆ పిల్ల తలుపు బాదేది. బాదితే తనూ తీసేది, దుప్పటి తగలబడ్డా తీసేది.

భర్త గొంతు సర్దుకున్నాడు. “సరే, అయిందేదో అయింది. పని అయిపోవచ్చింది కదా. రేపట్నించి ఈ దాగుడుమూతలు మానెయ్.”

“మానేస్తానండీ,” అంది ఆమె. అందరికీ మజ్జిగ పోసింది. తనకీ పోసుకుంది. గిన్నె కింద పెట్టి, ఎవరివైపూ ప్రత్యేకంగా చూడకుండా మెల్లగా చెప్పింది.

“రేపట్నించి నేనెక్కడికీ వెళ్ళను. వెనక గదిలోనే ఉంటాను, అందరికీ తెలిసేలాగే ఉంటాను. తాళం తీసేసి, ఉతికేటప్పుడు మీ జేబులో దొరికిన స్క్రూలతో గడియ ఇందాకే నేనే బిగించుకున్నాను. ఏడుపొస్తే తలుపు కొట్టండి, దెబ్బ తగిలితే కొట్టండి, తీస్తాను. మిగతా వాటికి పిలవండి, మీ ఇష్టం. వింటాను. పలకను.”