వార్సమ్మ ప్లగ్గు

యోగ్యకర్త ఊళ్ళో మా వినికిడి సభ ప్రతి గురువారం సాయంత్రం వార్సమ్మ కాఫీబండి పక్కన జరుగుతుంది. సభ అంటే నేను, సెంతొత్, లింతాంగ్, ఇంకా కొందరు పిచ్చివాళ్ళం. ఇంతకు ముందు ఎవరూ వినని సంగీతం తెచ్చి వినిపించాలి, అదొక్కటే నియమం. కరెంటు మాత్రం వార్సమ్మది. ఆవిడ వంటింటి కిటికీలోంచి వైరు లాగి, బోర్డు బండి గుంజకి కట్టింది. దాని మీదే మా స్పీకరు బతుకుతోంది. ఊళ్ళో ఇంకెవ్వరూ మమ్మల్ని గుమ్మం తొక్కనివ్వరు.

పోయిన వారం ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చెప్పేసింది.

“మీ రొదకి నా బేరం పోతోంది నాయనా. వచ్చే గురువారం నాకు నచ్చేది ఒక్కటంటే ఒక్కటి వినిపించండి. లేదూ, ప్లగ్గు పీకేస్తాను.”

ఆ వారమంతా తిండి మానేసి వెతికాను. మకస్సర్ పడవల కార్ఖానాలో రంపాల మీద ఫిడేలు కమాను లాగే అన్నదమ్ములు దొరికారు. తిరిగే ఫ్యానులోకి జోల పాడే బాండుంగ్ పిల్ల దొరికింది. వెదురు వాయిద్యాలు పట్టుకుని కేకలు పెట్టే బడిపంతుళ్ళ బృందం దొరికింది, వాళ్ళ పాట విని మంచం మీద గెంతాను. ఇంత ఆనందం నాకొక్కడికే దక్కిందని తలుచుకుని రోడ్డు మీద ఒంటరిగా నవ్వుకుంటుంటే మా అమ్మ జ్వరమేమోనని నా నుదురు పట్టుకుని చూసింది.

గురువారం వచ్చింది. ముందు రంపాలు వినిపించాను.

“మా ఆయన గురక ఇంతకన్నా లయగా ఉంటుంది,” అంది వార్సమ్మ, అన్నం పొట్లాలు సర్దుతూ.

ఫ్యాను పిల్ల పాట విని మొహం చిట్లించింది.

“జలుబు చేసిందిరా దానికి. ఇంత అల్లం టీ పట్టండి.”

ఇక పంతుళ్ళే దిక్కు అనుకుని మీట నొక్కాను. మా క్యాసెట్ యంత్రం టేపుని కరకరా నమిలేసింది. చిక్కుపడిన టేపు చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. నాకు ఏడుపొచ్చింది.

వార్సమ్మ చేతులు తుడుచుకుంది. ఈలోగా ఓ రిక్షా ఆయన నిప్పు కాఫీ అడిగాడు.

“ముందు బేరం, తర్వాత మీ సంగతి,” అని పట్టకారుతో కణకణలాడే బొగ్గు తీసి బండి రేకు బల్ల మీది గ్లాసులో వేసింది.

అప్పుడు వచ్చింది, స్పీకర్లోంచి. పొడుగాటి బుస ఒకటి లేచి, విరిగి, దూరంగా వెళ్ళి మళ్ళీ మళ్ళీ తిరిగొచ్చింది. అడుగున ఏదో సన్నగా గజ్జెల్లా వణికింది. నా ఒళ్ళు జల్లుమంది. అందరూ నోళ్ళు తెరిచారు.

సెంతొత్ మాత్రం కళ్ళు మూసుకుని, అన్నీ తెలిసినవాడిలా తలూపాడు.

“వీళ్ళు నాకు తెలుసు. సెమరాంగ్ వాళ్ళు. మొదటి క్యాసెట్ ఇంకా బాగుంటుంది.”

“ఒరే, టేపు నా చేతిలో ఉంది,” అన్నాను. “మరి పాడేదెవర్రా?”

వార్సమ్మ చెంచా పక్కన పెట్టింది. స్పీకరు పెద్ద గంటలా మోగింది. లింతాంగ్ బండి కిందకి దూరి, వైరు పట్టుకుని పాకింది.

“నా రేకు మైకు,” అంది లోపల్నించి. “పోతుందని బల్లరేకుకి అడుగున అంటించి మర్చిపోయాను. ప్రతిధ్వని పెట్టె కూడా ఆపలేదు.”

ఆ మైకు గాలిలో చప్పుడు కాక, తనని అంటించిన వస్తువు వణుకునే వింటుంది. గ్లాసులోని బొగ్గూ, కుంపటి మీది కెటిళ్ళూ, చెంచా దెబ్బా, అన్నీ ఆ రేకులోంచే వచ్చాయి.

అప్పటికే వార్సమ్మ చెయ్యి ప్లగ్గు మీద ఉంది. రెండో చేతి గోటితో రేకుని మెల్లగా తట్టింది. స్పీకరు జవాబుగా పలికింది.

“ఇది నేనేనా?”

“నువ్వేనమ్మా,” అన్నాను.

ఆవిడ ప్లగ్గుని లోపలికి గట్టిగా నొక్కింది. ఎవరూ అడగని కాఫీలో ఇంకో బొగ్గు వేసి, చెవి స్పీకరు వైపు తిప్పి, బుస ఆగేదాకా విన్నది. మేము ఎగిరి గెంతబోతే వేలు చూపించి నోళ్ళు మూయించింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకుని సెంతొత్ వైపు తిరిగింది.

“నాయనా, నా మొదటి క్యాసెట్ ఇంకా బాగుంటుందన్నావు కదా. ఏదీ, పెట్టు, విందాం.”