ట్రక్కంటే లారీ కాదు

బుడమేరు బెజవాడను ముంచిన వరద తర్వాత వచ్చిన రెండో మిరప కోతల కాలమది. నరసరావుపేట ఊరి బయట, బళ్ళకు ఫిట్‌నెస్ చూసే కొత్త స్టేషన్‌లో ఒక ముసలి డ్రైవరును మెడపట్టి గెంటారు.

ఆయన పేరు నూర్ మొహమ్మద్. చేసిన నేరం ఒకటే. "ఇంత ఫీజెందుకయ్యా?" అని అడిగాడు. గేటు కాసే మనిషి రెండు చేతులతో తోశాడు. ముసలాయన సిమెంటు నేల మీద మోకాళ్ళ మీద పడ్డాడు. తల మీది టోపీ ఎగిరి, వరసలో నిలబడ్డ జిలానీ కాళ్ళ దగ్గర పడింది.

జిలానీ వంగి దాన్ని తీయలేదు. తీస్తే తనకేసి చూస్తారేమోనని భయం. వెనకనున్న ఒకామె అతన్ని పక్కకు నెట్టి, టోపీ తీసి, దుమ్ము దులిపి ముసలాయనకిచ్చింది. ఆమె శావల్యాపురం వీరరాఘవమ్మ. మొగుడు పోయాక ట్రాక్టరు తనే తోలుకుంటున్న మనిషి.

జిలానీది రెంటచింతల. ఉన్నదంతా ఒక్క పాత ట్రాక్టరు. కళ్ళాల నుంచి మిరప టిక్కీలు, అంటే బస్తాలు, కిరాయికి తోలతాడు. ఖాకీ గుడ్డ కంటబడితే అతనికి నోట్లో తడారిపోతుంది. ఒకప్పుడు ఎవరి కొట్లాటలోనో సాక్షివని పిలిచి, పొద్దుగూకేదాకా పోలీస్ స్టేషన్ గోడకు నిలబెట్టారు. ఆ గోడ ఇప్పటికీ అతని వీపును వదల్లేదు.

కిరాయి బండికి ఫిట్‌నెస్ కాగితం లేకపోతే రోడ్డెక్కనివ్వరు. ఇదివరకు సర్కారు ఇన్‌స్పెక్టరు చూసేవాడు. ఇప్పుడు మిషన్లు పెట్టి, ఆ పని ఒక కాంట్రాక్టరుకిచ్చారు. బండి రకాన్ని బట్టి ఫీజు. ఆ రకం రాసేది కౌంటరులో కూర్చున్న కిరణ్ కుమార్.

జిలానీ వంతు వచ్చింది. బండి కాగితాలు కిటికీలోంచి ఇచ్చాడు. కిరణ్ కుమార్ వాటిని తిరగేసి, చేతిలోనే పట్టుకుని అడిగాడు.

"ట్రాక్టరు సరే. వెనకున్నదేంటి?"

"ట్రక్కు సార్."

"గట్టిగా చెప్పు."

"ట్రక్కే సార్."

"వేలిముద్ర వెయ్యి."

వేశాడు. రసీదు వచ్చింది. ఇంగ్లీషు. అంకెలు మాత్రం జిలానీకి అర్థమయ్యాయి. జేబులో ఉన్నదానికి ఎన్నో రెట్లు.

"కట్టేదాకా బండి లోపలే. రోజుకింత అద్దె. పాత బండి కదా, ఎక్కువ నాన్చితే తుక్కు కింద రాసేస్తాం," అన్నాడు కిరణ్ కుమార్, తర్వాతి మనిషిని పిలుస్తూ.

ఇనప గేటు వెనక ట్రాక్టర్లు బారుగా నిలిచి ఉన్నాయి. జిలానీ ట్రాక్టరు కూడా వాటిలో చేరింది. ఆకాశంలో మబ్బులు. రెంటచింతల కళ్ళాల్లో కౌలు రైతుల మిరపకాయలు. వాన పడేలోగా గుంటూరు యార్డుకు చేరుస్తానని మాటిచ్చింది తను.

గేటు ఎదుట టీ కొట్టు. డ్రైవర్లంతా దాని రేకుల కింద చేరారు. క్వారీ కూలీల సంఘం పెద్ద త్రికోటేశ్వరరావు కూడా వచ్చాడు. పలుగు పట్టి పట్టి వేళ్ళు వంకర్లు పోయిన మనిషి.

"తలా ఒక చోట ఏడవబాకండి. ఒక్కొక్కరు చెప్పండి, లోపల ఏం జరిగింది?" అన్నాడు.

"ఏం జరిగేది బాబాయ్, బండేందని అడిగాడు, చెప్పా," అన్నాడొకడు.

"ఏం చెప్పావు?"

"ట్రక్కని."

"నేనూ అదేగా చెప్పింది," అంది వీరరాఘవమ్మ.

"నేనూ." "మేమూ అంతే."

బల్ల మీద టీ తాగుతున్న లారీ డ్రైవరు సుహైల్ ఒక్కసారిగా నవ్వాడు. నవ్వుతూనే జిలానీ చేతిలో రసీదు లాక్కుని, తన జేబులోని రసీదు పక్కన పెట్టాడు.

"ఒరేయ్ పిచ్చోళ్ళారా! నా లారీకెంతో నీ ట్రక్కుకీ అంతే వేశాడు. ఇంగ్లీషులో ట్రక్కంటే లారీరా!"

అందరూ తమ తమ రసీదులు తీసి చూసుకున్నారు.

చదువుకునే పిల్లలు ఈ సంగతి తెలుసుకోవాలి. పల్నాడులో ట్రాక్టరు వెనక తగిలించే తొట్టిని ట్రక్కంటారు. తాతల నాటి నుంచీ అంతే. కూలికి పోయేది ట్రక్కులో, పెళ్ళికి పోయేది ట్రక్కులో. ఆ మాటనే పట్టుకుని, వాళ్ళ నోటితోనే చెప్పించి, వాళ్ళ వేలితోనే ముద్ర వేయించుకుని, చిన్న బండిని పెద్ద బండిగా రాసుకున్నారు.

"పాపం, ఆ కౌంటరు పిల్లోడు పై ఊరోడు. తెలీక రాశాడేమో," అన్నాడు నూర్ మొహమ్మద్, మోకాలు రుద్దుకుంటూ.

"ఏంది తెలీంది?" వీరరాఘవమ్మ గ్లాసు ఠప్పున పెట్టింది. "అదేం బండో కాయితంలో రాసుందిగా. కాయితం చేతిలో పెట్టుకుని మన నోటినెందుకు అడిగాడు?"

 ఒక్క దెబ్బకు అందరికీ తెలిసిపోయింది. ఇది పొరపాటు కాదు, పథకం.

"గేటుకు అడ్డం కూర్చుందాం. రాసింది మార్చేదాకా ఏ బండీ లోపలికి పోదు," అన్నాడు త్రికోటేశ్వరరావు.

జిలానీ వాళ్ళను ఆపబోయాడు. "కట్టేసి పోదాం బాబాయ్. అప్పో సప్పో. వాళ్ళతో మనకెందుకు? తుక్కు కింద రాస్తామంటున్నారు."

"ఇయ్యాల కడితే వచ్చేసారి ఇంతకింత రాస్తారు తమ్ముడా," అంది వీరరాఘవమ్మ. "నీకు ఉచ్చ పడేట్టుంటే పోయి పోసుకునిరా. మేం ఇక్కడే ఉంటాం."

అందరూ గొల్లున నవ్వారు. జిలానీ కూడా నవ్వాడు. నిజంగానే పడేట్టుంది.

మధ్యాహ్నం గేటు ముందు కూర్చున్నారు. కోతల నుంచి వస్తున్న కూలీలు ఆగారు. కాలేజీ పిల్లలు బస్సు దిగి వచ్చారు. "ట్రక్కంటే లారీ కాదు!" అని ఒకరంటే, "రాసిన రాత మార్చాలి!" అని వంద గొంతులు లేచాయి. జిలానీ కూడా చివర్న కూర్చున్నాడు. పెదాలు కదిలించాడు గానీ, శబ్దం బయటికి రానీయలేదు.

తెల్ల కారులో కాంట్రాక్టరు వచ్చాడు. వెనకే పోలీసు వ్యాను.

"నోటితో చెప్పారు, వేలిముద్ర వేశారు. ఇప్పుడు కాదంటే చెల్లుద్దా?" అన్నాడు కాంట్రాక్టరు, కారు దిగకుండానే.

"మా కాయితం ముందర పెట్టుకుని మమ్మల్ని మాయజేశారు. కాయితంలో ఏముందో అది రాయండి, ఇప్పుడే లేచిపోతాం," అన్నాడు త్రికోటేశ్వరరావు.

"ఎవడ్రా నువ్వు? నీకు బండి కూడా లేదు."

"లేదు. ఆ ట్రక్కుల్లో రాయి ఎత్తిన చేతులున్నాయి."

ఎస్సై సైగ చేశాడు. లాఠీలు లేచాయి. త్రికోటేశ్వరరావును కాళ్ళూ చేతులూ పట్టి వ్యానులోకి విసిరారు. ఆయన తల తలుపు రేకుకు తగిలిన చప్పుడు జిలానీకి వినిపించింది. అతను అప్పటికే టీ కొట్టు వెనక, నీళ్ళ డ్రమ్ము చాటున నక్కి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో, ఎట్టా పరిగెత్తాడో తెలియదు.

అక్కడికే వచ్చాడు కాంట్రాక్టరు మనిషి. పక్కన గొంతుక్కూర్చుని బీడీ ఇచ్చాడు.

"నువ్వు మంచోడివని సార్‌కి తెలుసు. రేపు పొద్దున్నే రా. లారీ ఫీజొద్దు, అద్దె వద్దు. ఆ జనం ముందర నుంచి బండి తోలుకుపో. మాకేం ఇబ్బంది లేదని ఒక్క మాట చెప్పు. అంతే."

ఇంటికి పోయి భార్య షంషాద్‌తో చెప్పాడు. ఆమె మిరపకాయల మీద పట్టా కప్పడానికి కళ్ళానికి పోబోతూ ఆగింది.

"బండి వస్తే మంచిదేగా."

"అంతేనంటావా?"

"నూర్ మామ ముఖం ఎట్టా చూస్తావని నేనడగను. నువ్వే అడుక్కో," అని పట్టా భుజాన వేసుకుని పోయింది.

మర్నాడు పొద్దున జిలానీ స్టేషన్‌కు పోయాడు. గేటు ముందు జనం నిన్నటికంటే ఎక్కువున్నారు. వాళ్ళ మధ్య నుంచే పోవాలి. వీరరాఘవమ్మ అతన్ని చూసి పక్కకు జరిగింది. నూర్ మొహమ్మద్ కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చాడు. తిడితే బాగుండుననిపించింది జిలానీకి.

లోపల తాళం ఇచ్చారు. ట్రాక్టరు స్టార్టయింది. గేటు రెక్కలు తెరుచుకున్నాయి. పోలీసులు జనాన్ని అటూ ఇటూ నెట్టారు. కాంట్రాక్టరు మెట్ల మీద నిలబడి చూస్తున్నాడు.

ఇంజను గేటు దాటింది. ట్రక్కు సగం లోపల, సగం బయట. జిలానీ కాళ్ళు గడగడా వణుకుతున్నాయి. ఎడమ కాలు క్లచ్చి మీద నుంచి జారిపోయింది. బండి ఎగిరిపడి, దగ్గి, ఆగిపోయింది.

"ఆపావేందిరా? తియ్!" కాంట్రాక్టరు మనిషి అరిచాడు.

జిలానీ వెనక్కి చూశాడు. గేటు మూయడానికి లేదు. లోపలి బండి బయటికి రాదు, బయటి బండి లోపలికి పోదు. నిన్నంతా ఇంతమంది కూర్చుని చేయాలనుకున్నది, తన వణుకే చేసిపెట్టింది.

ఎస్సై దగ్గరికొచ్చాడు. "స్టార్టు కావడం లేదా?"

"అవుద్ది సార్."

"మరి చెయ్యి."

జిలానీ తాళం మీద చెయ్యేశాడు, తిప్పలేదు.  చివరికి వచ్చిన గొంతు అతనిది కాదేమో అన్నంత సన్నగా ఉంది.

"చెయ్యను సార్. అందరి బళ్ళూ రానీ."

ముందు వీరరాఘవమ్మ చక్రం మీద కాలేసి ట్రక్కెక్కింది. నూర్ మొహమ్మద్‌కు చెయ్యి అందించింది. డ్రైవర్లు, కూలీ ఆడవాళ్ళు, కాలేజీ పిల్లలు ఎగబాకారు. నిల్చోడానికి చోటు లేకుండా నిండిపోయింది.

ఎస్సై జిలానీ చొక్కా పట్టుకున్నాడు. జిలానీ తాళం పెరికి, చూడకుండానే భుజం మీదుగా వెనక్కి, ఆ జనంలోకి విసిరాడు. అది ఎవరి చేతిలో పడిందో అతను తెలుసుకోదలచలేదు. తెలిస్తేగా, పోలీసులు కొట్టి అడిగితే చెప్పేది.

తర్వాత సీటు మీద నుంచి తనే దిగి, గేటు పక్కనున్న పోలీసు వ్యాను ఎక్కాడు.