కరవని జోడు

యాభై రెండేళ్లు నిండినా ఆమె అందరికీ చిట్టే. అక్క ముద్దుగా తగిలించిన ఆ పిలుపు ఇంట్లోంచి వీధిలోకి, వీధిలోంచి ఆమె పనిచేసే ల్యాబులోకి పాకింది. కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబు అది. చిట్టి చేసిన పళ్లతో ఊళ్లో ఎంతమంది నవ్వుతున్నారో, ఎంతమంది పక్కింటివాళ్ల మీద అరుస్తున్నారో చెప్పలేం. అంత పనిమంతురాలు ఆ సాయంత్రం బూట్ల షాపులో స్టూలు మీద కూర్చుని, తప్పిపోయిన పిల్లలా దిక్కులు చూస్తోంది.

"సాయంత్రం రావడం మంచిదైందమ్మా," అన్నాడు షాపతను. "నడిచి నడిచి పాదం కాస్త పొంగాక కొలిస్తేనే అసలు కొలత. ఇంతకీ దేనికి, ఆఫీసుకా?"

"ప్రపంచం చుట్టి రావడానికి."

షాపతను ఆమెను ఓసారి చూసి, వెనక ఇంకెవరైనా వస్తున్నారేమోనని తలుపు వైపు చూశాడు. "ఒక్కరేనా?"

"ఒక్కదాన్నే," అంది చిట్టి. ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

తర్వాత గుక్క తిప్పుకోకుండా చెప్పుకుపోయింది. బ్యాగులో రెండో జతకు చోటుండదు కాబట్టి ఒక్క జతే కావాలి. వానకు నానకూడదు, తడి రాళ్ల మీద జారకూడదు, మంచులో కాళ్లు కొంకర్లు పోకూడదు, ఎండలో ఉడకకూడదు. ఏ సాయంత్రమో కచేరీకి వెళ్తే గుమ్మం దగ్గరే ఆపేసేలా ఉండకూడదు. నడిదారిలో అడుగు ఊడి రాకూడదు.

"అన్నిటికంటే ముందు, కరవకూడదు."

"ఇన్ని సుగుణాలున్న అల్లుడే దొరకడమ్మా, బూటు దొరుకుతుందా?" అని నవ్వాడు షాపతను.

మా అక్కకు మొగుడే దొరికాడుగా, అని చిట్టి మనసులో అనుకుంది. పైకి మాత్రం నవ్వలేదు.

అయినా షాపతను వదల్లేదు. ముదురు గోధుమరంగు తోలు బూటొకటి తీసి, వేళ్ల దగ్గర మాత్రమే వంగుతుందని, మధ్యలో వంగదని వంచి మరీ చూపించాడు. అడుగు జిగురుతో అంటించింది కాదు, కుట్టింది, అరిగితే మార్పించుకోవచ్చు. లేసు కట్టాక మడమ జారకూడదు, బొటనవేలి ముందు వేలెడు చోటుండాలి అంటూ నేల మీద గొంతుక్కూర్చుని నొక్కి చూశాడు. "కొత్తలో వారం పది రోజులు ఇబ్బంది పెడతాయి. అలవాటైతే ఇక మీ మాట వింటాయి."

చిట్టి భయమంతా ఆ వారం పది రోజుల గురించే. ఎందుకంటే ఆమె బుద్ధెరిగాక కొత్త చెప్పు తొడిగి ఎరగదు. అక్కాచెల్లెళ్లిద్దరి కాళ్లదీ ఒకటే కొలత. చిట్టి కాళ్ల చర్మం మరీ పల్చన. "చెప్పును చూస్తేనే బొబ్బెక్కుతుంది దీనికి" అని అక్క వెక్కిరించేది. అందుకని ఏ జోడు కొన్నా మొదటి వారం అక్కది. అక్కది ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్ల రీడింగు తీసే ఉద్యోగం. మెట్లెక్కి దిగి, సందుగొందులన్నీ తిరిగి, చెప్పుల పొగరంతా అణిచి చెల్లెలి చేతికిచ్చేది. అమ్మానాన్నలు పోయాక, ఇద్దరూ పెళ్లి ఊసెత్తకుండా ఒకే ఇంట్లో ఉండిపోయాక కూడా ఆ అలవాటు పోలేదు. అక్క రిటైరయ్యాక ఇద్దరూ కలిసి ప్రపంచయాత్ర చెయ్యాలన్నది ఎన్నో ఏళ్ల ముచ్చట. ఉన్నదంతా ఊడ్చి టికెట్లు కూడా కొన్నారు.

అప్పుడు, రిటైరైన ఏడాదే, అక్కకు పెళ్లి కుదిరింది. ఏళ్ల తరబడి ఎవరింటి మీటరు చూసి వచ్చిందో ఆయనే పెళ్లికొడుకు. మనిషి మంచివాడే. కారుంది, పూలమొక్కలున్నాయి, అక్కను చూస్తే మొహం చాటంతవుతుంది. ఇల్లు పక్క ఊళ్లోకి మార్చాడు. ఆయన మోకాళ్లకు ఆపరేషన్ అయింది కాబట్టి దూరప్రయాణాలు పనికిరావు, ఆయన్ని వదిలి అక్కా వెళ్లలేదు. "నా టికెట్ రద్దు చేశానే. నువ్వు మాత్రం ఆగకు, వెళ్లిరా," అంది అక్క. ఆ ఆగొద్దన్న మాటే చిట్టికి గుచ్చుకుంది. నువ్వు లేకుండా ఎలా వెళ్తానే అని పోట్లాడే అవకాశం కూడా ఇవ్వలేదు. పెళ్లిలో అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టి, ఇంటికొచ్చి పొయ్యి వెలిగించకుండా పడుకుంది. అప్పట్నుంచి ల్యాబులో పళ్లూ పలకరించవు, ఇంట్లో గోడలూ పలకరించవు. ఆమెకు అక్క మీద కోపం, అంతకంటే ఎక్కువగా అక్క మీద బెంగ.

బూట్లు కుదిరితే వెళ్తాను, కుదరకపోతే మానేస్తాను, అని తనకు తానే షరతు పెట్టుకుంది. కుదరకపోతే బాగుండునన్న కోరిక లోపల సగం ఉందని ఆమెకూ తెలుసు.

ఆ సగం కోరిక వెంటనే నెరవేరింది. ఇంటి నుంచి ల్యాబుకు చేరేలోపే కుడి మడమ భగ్గుమంది. కానీ చిట్టి చేతిలో ఒక విద్య ఉంది. కొత్త పళ్లసెట్టు చిగుళ్లను నొక్కుతుంటే, లోపల తెల్లటి పేస్టు రాసి మనిషి చేత కొరికిస్తారు. పేస్టు ఎక్కడ చెరిగితే అక్కడ నొక్కుతున్నట్టు. ఆ చోటును గిర్రున తిరిగే చిన్న రాయితో అరగదీస్తే నొప్పి పోతుంది. బూటైనా అంతే కదా అనుకుంది. భోజనాల వేళ బూటు లోపల పేస్టు రాసి, తొడుక్కుని ల్యాబులో అటూ ఇటూ నడిచి, చెరిగిన చోటు కనిపెట్టి, మిషన్ ఆన్ చేసింది. అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, అక్క మీద ఉన్నదంతా ఆ మడమ మీద చూపించింది. కాసేపటికి లోపలి మెత్త పోయింది, దాని వెనకున్న గట్టి అట్ట పోయింది, చివరికి తోలుకు చిల్లుపడి అవతలి కిటికీ కనిపించింది.

"చిట్టిగారూ," అన్నాడు ల్యాబు యజమాని గుమ్మంలో నిలబడి, "మనం చేసేది పళ్లే కదా?"

"పేషెంటు నొప్పన్నాడండీ," అంది చిట్టి.

ఇద్దరూ నవ్వారు. ఆయన అటు వెళ్లాక ఆమెకు ఏడుపొచ్చింది.

మళ్లీ షాపుకు వెళ్లింది. "అప్పుడే ప్రపంచం చుట్టేశారా?" అన్నాడు షాపతను, చిల్లులోకి వేలు పెట్టి. అదే రకం, అదే కొలత, ఇంకో జత ఇచ్చాడు. ఆ డబ్బా ఇంటికి తెచ్చి ఎదురుగా పెట్టుకుని చాలాసేపు కూర్చుంది. ఆఖరికి, పెళ్లయ్యాక మొదటిసారి తనంతట తాను అక్కకు ఫోన్ చేసింది.

"బూట్లు కొన్నానక్కా."

"కరిచాయా?" అంది అక్క వెంటనే.

ఆ ఒక్క మాటకే చిట్టికి కళ్లనీళ్లు తిరిగాయి. "ఊఁ."

"పిచ్చిమొహమా, ముందే చెప్పొద్దూ? పంపించు. వారం తిరిగి వెన్నలా చేసి పంపుతా. ఈ పని లేక నా కాళ్లు తుప్పుపడుతున్నాయనుకో!"

మర్నాడే బస్సులో పార్సిల్ వెళ్లింది. ఆ వారమంతా చిట్టి ప్రాణం తేలికపడింది. పళ్లు అరగదీస్తూ, అక్క ఆ బూట్లేసుకుని ఎక్కడెక్కడ తిరుగుతోందో ఊహించుకుంది. బ్యాగు సర్దడం మొదలుపెట్టింది. మానేద్దామన్న ఆలోచనే రాలేదు. మధ్యలో ఫోన్ చేసి, "తిరుగుతున్నావా?" అని అడిగితే, "తిరక్కేం! ఇవాళ మార్కెట్టు దాకా నడిచే వెళ్లొచ్చా," అంది అక్క.

ప్రయాణం దగ్గరపడ్డాక పార్సిల్ తిరిగొచ్చింది. అక్క బూట్లను తళతళా తుడిచి, లోపల కాగితం కుక్కి పంపింది. చిట్టి ఒక బూటు తీసి తిరగేసింది. ఏ సెట్టు వాడిందో, ఏది వాడనిదో తాకి చెప్పగల చేతులు ఆమెవి. బూటు అడుగున రబ్బరు మీద, అచ్చులోంచి వచ్చినప్పటి సన్నటి నూగు అలాగే ఉంది. నాలుగడుగులు రోడ్డు మీద పడితే రాలిపోయే నూగు అది. వేళ్ల దగ్గర తోలు మీద ఒక్క ముడత లేదు. రెండోది తిప్పి చూసింది. అదీ అంతే.

అక్క వాటిని తొడగనే లేదు.

మరిచిపోయి ఉంటుంది. కారులో తిరిగే మనిషికి బూట్లేం గుర్తుంటాయి? లేకపోతే ఇప్పుడు కాళ్లు లావెక్కి పట్టి ఉండవు. ఏదైనా ఒక్క మాట చెప్తే సరిపోయేది, ఆ మాట చెప్పలేకపోయింది. చిట్టి కోపం తెచ్చుకుందామని చూసింది గానీ రాలేదు, దిగులొచ్చింది. చెల్లెలికి తన అవసరం ఉండాలని అక్కకు ఉంది. ఆ చెల్లెలి కోసం నడవడానికి మాత్రం ఇప్పుడు ఆమెకు తీరిక లేదు. అది నేరం కాదని చిట్టికి తెలుసు.

అప్పుడే ఫోన్ చేసి అక్కను కడిగేసి, ప్రయాణం మానుకోవచ్చు. అంతకంటే మంచి సాకు జన్మలో దొరకదు. చిట్టి ఫోన్ చేతిలోకి తీసుకుంది. మళ్లీ సంచిలో పడేసి, మేజోళ్లు తొడుక్కుని, కొత్త బూట్లు బిగించి, ఇంటికి తాళం వేసింది.

లాండ్రీ దాటేసరికి మడమ చురుక్కుమంది. తాళాలు బాగుచేసే కొట్టు దగ్గర రెండో మడమ కూడా అందుకుంది. ఇలాంటి నొప్పిని ఇన్నేళ్లూ అక్క ఎవరికీ చెప్పకుండా మెట్ల మీద మోసిందన్నమాట, అనుకుంది. పళ్లు బిగబట్టి పెద్ద రోడ్డు దాకా నడిచి, బస్టాపు బల్ల మీద కూలబడింది. అప్పుడే ఫోన్ మోగింది.

"అందాయా?" అంది అక్క.

"అందాయక్కా."

"వేసుకుని చూశావా?" అక్క గొంతులో ఏదో బెరుకు. "ఎలా ఉన్నాయే?"

చిట్టి మేజోడు కిందికి లాగింది. బొబ్బ చితికి, బట్ట చర్మానికి అంటుకుపోయింది. వదిలించబోతే కళ్లు బైర్లు కమ్మాయి.

"దూదిలా ఉన్నాయి," అంది.

అవతల అక్క గట్టిగా ఊపిరి వదలడం వినిపించింది. "నే చెప్పలా! ఎంత తిరిగాననుకున్నావు వాటితో. ఇక నీకేం భయం లేదు. హాయిగా వెళ్లిరా."

"నువ్వుండగా నాకేం భయమక్కా."

ఫోన్ సంచిలో పెట్టుకునేసరికి బస్సు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. ఎక్కుతారా అన్నట్టు చూశాడు డ్రైవరు. చిట్టి అక్కర్లేదని తల ఊపి, చేతిరుమాలు మడిచి మడమ వెనక దోపి, లేసు మళ్లీ బిగించి కట్టుకుంది. బస్సు వెళ్లిపోయాక లేచి, కుంటుకుంటూ, ఇంటికి దూరమయ్యే వైపే నడవడం మొదలుపెట్టింది.