బిల్లూకి టీకా వేయించిన రోజు

జూలై పదకొండు, శుక్రవారం. ఆ మధ్యాహ్నం పద్మిని తిన్నది గిన్నె అడుగున మిగిలిన సుర్మై చేపల పులుసు, రెండు ముద్దల అన్నం. అదీ నిలబడే. పిల్లికి టీకా వేయించాలి, ఆలస్యమవుతోందని అత్తగారు ఎరుకమ్మ అప్పటికే రెండుసార్లు గుర్తుచేసింది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు నెమ్మదిగా చెప్పాడు: ఈ ఒక్కరోజూ బిల్లూ మందకొడిగా ఉంటుంది, కదపకండి, నీళ్లు దగ్గర పెట్టండి, ముఖం వాచినా వాంతులైనా వెంటనే తీసుకురండి. చెప్పడం అయ్యాక, వాన తగ్గేదాకా కూర్చోమని ఆమె వైపు కుర్చీ జరిపాడు. పిల్లి ఉన్న బుట్ట ఒళ్లో పెట్టుకుని పద్మిని కాసేపు ఊరికే కూర్చుంది.

షాదీపూర్‌లో ఆమె ఇల్లు చేరగానే భర్త రాజేంద్ర టీవీ కట్టేశాడు.

"ఎవరూ దీన్ని కదపకండి. ఆరామ్ కావాలి దీనికి," అన్నాడు పిల్లి తల నిమురుతూ.

ఆ చేతిలో అంత మెత్తదనం ఉందని ఆమె మరిచిపోయింది. కోపం రాలేదు. మే నెలలో కడుపు పోయినప్పుడు ఆమెనూ వారం రోజులు పడుకోమనే చెప్పారు డాక్టర్లు. మూడో రోజున మాయాబందర్ నుంచి అతనితో కాంట్రాక్టు పనులు చేసే స్నేహితులు దిగారు. పన్నెండుమందికి చేపలు వేయించింది. పొయ్యి దగ్గర ఒకసారి గోడ పట్టుకుంటే, "మేం కడుపులు పోయిన పొద్దే బిందెలు మోసీసినాం. నీకేటే అంత?" అంది అత్త. రాజేంద్ర వినీ విననట్టు ప్లేట్లు అందుకున్నాడు. అప్పటినుంచీ నడుము లాగుతూనే ఉంది. స్కూల్లో పాఠం చెబుతూ బల్లకు ఆనుకుంటుంది. ఇంట్లో ఆ వీలూ లేదు. నిద్ర పట్టకపోయినా సరే, ఎవరూ పిలవకుండా పడుకోవాలి. ఆమెకు కావలసింది అంతే.

"డాక్టర్ ఇంకేమన్నాడు?" రాజేంద్ర అడిగాడు.

ఆమె పిల్లి వైపు చూసింది.

"మూడు రోజులు ఎవరో ఒకరు పక్కనే ఉండాలన్నాడు. రాత్రీ పగలూ."

తొమ్మిదేళ్లలో ఆ ఇంట్లో ఆమె ఆడిన మొదటి అబద్ధం అది.

"మరి వంటో?" అంది ఎరుకమ్మ.

"హోటల్ నుంచి తెస్తాలే, మా. పద్మినీ, నువ్వే ఉండు. స్కూలుకి ఛుట్టీ పెట్టెయ్. పాపం, నోరులేనిది."

తూర్పున ఉన్న దీవి, పైగా వాన మబ్బు; అయిదున్నరకే చీకటి పడింది. పద్మిని బుట్టతో వెనకగదిలోకి వెళ్లింది. తన పేరు మీద అడిగి ఉంటే ఒక్క పూట కూడా దొరికేది కాదు. చాప పరిచి, చప్పుడు కాకుండా తలుపు మూసి, లోపల గడియ పెట్టుకుంది.