బల్ల కింద భోజనాలు

ఆ రోజు నేను బల్ల కింద దూరింది చెవిదిద్దు మర కోసం. ఇంకే కారణమూ లేదు. ఈ ఒక్క ముక్క నమ్మించడానికి ఆ ఇంట్లో నాకు తల ప్రాణం తోకకొచ్చింది కాబట్టి మీకు మాత్రం ముందే చెప్పేస్తున్నాను.

మా స్కూలు వాళ్లు ఏడాది చదువుకని నన్ను పరాయి దేశం పంపారు. అక్కడ ఒక కుటుంబంతో వాళ్లింట్లోనే ఉండాలి, వాళ్లమ్మాయి వెళ్లే హైస్కూలుకే వెళ్లాలి. మా ఇంట్లో నన్ను అందరూ పేలాలు అంటారు. నోరు తెరిస్తే వేడి మూకుట్లో పేలాల్లా చిటపటలాడుతూనే ఉంటానని నాన్న పెట్టిన పేరు. పొద్దున లేచింది మొదలు అమ్మ నన్ను తిట్టడం, నేను ఎదురు చెప్పడం, ఆవిడ మళ్లీ అందుకోవడం. అలా పెరిగిన పిల్లని నేను.

అటువంటి దాన్ని ఆ ఇంటి గుమ్మంలో అడుగు పెట్టేసరికి బిక్కచచ్చిపోయాను. కష్టపడి నేర్చుకున్న వాళ్ల భాషలో ఒక్క మాటా గుర్తు రాలేదు. ఇంట్లో ఉన్నది నలుగురు. అంకుల్ లిఫ్టులు బాగుచేసే మెకానిక్, చొక్కా జేబులో ఎప్పుడూ టెస్టర్ ఉంటుంది. ఆంటీ కళ్లజోళ్ల షాపులో పని చేస్తుంది, ఎవరితో మాట్లాడినా ముక్కు కొలత తీసుకుంటున్నట్టు చూస్తుంది. వాళ్లమ్మాయి నా ఈడుది, చెవుల మీది హెడ్‌ఫోన్లు స్నానానికి కూడా తీస్తుందో లేదో తెలీదు. అందుకని దానికి హెడ్‌ఫోన్ అనే పేరు పెట్టుకున్నాను. నాలుగో మనిషి అంకుల్ వాళ్లమ్మ, బామ్మ. మోకాళ్లు అరిగిపోయాయి గానీ నోరు మాత్రం అరగలేదు. కిటికీ పక్కన, భోజనాల బల్ల మొదట్లో, దిండు వేసిన కుర్చీ ఆవిడది. ఆ కుర్చీలో కూర్చుని అపార్ట్‌మెంట్ మెట్ల మీద ఎవరు ఎవరితో పోట్లాడారో మొత్తం చెప్తూ తింటుంది. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది, ఎందుకంటే నేను వచ్చిన పూటే ఆ ముచ్చట ఆగిపోయింది.

ఎలాగంటే, భోజనానికి కూర్చోబోతూ చెవి గోక్కున్నాను. దిద్దు మర ఊడి బల్ల కిందికి దొర్లిపోయింది. ఆ దిద్దులు అమ్మవి. విమానాశ్రయంలో తన చెవులవి తీసి నాకు పెట్టి, పోగొట్టావో వీపు చీరేస్తానని దీవించి పంపింది. నేను గబుక్కున వంగి బల్ల కింద దూరాను. నేల తడుముతుండగా పక్కన అంకుల్ మోకాళ్లు వంగాయి. తల వంచి నన్ను చూశాడు, గంభీరంగా తలాడించాడు, కంచం పట్టుకుని తనూ లోపలికి వచ్చేశాడు. వెనకే సూపు గిన్నెతో ఆంటీ, ఆ వెనక హెడ్‌ఫోన్. ముగ్గురూ నా చుట్టూ గొంతుక్కూర్చున్నారు. అంకుల్ నా చేతికి చెంచా అందించాడు. చేసేది లేక ఆ సూపు తాగేశాను.

పైన బామ్మ ఒక్కతే మిగిలింది. కాసేపటికి ఆంటీ బయటికెళ్లి ఆవిడ కంచం తీసుకెళ్లి ఆవిడ గదిలో పెట్టి వచ్చింది. ఆ పూట నుంచి మేం నలుగురం బల్ల కింద, బామ్మ గదిలో. గోడ అవతల ఆవిడ చెంచా ఒక్కటే చప్పుడు చేసేది. నాకు ముద్ద దిగేది కాదు. నా మూలంగా పెద్దావిడ సొంత ఇంట్లో పంక్తి తప్పిందే అని ఆ చప్పుడే లెక్కపెడుతూ కూర్చునేదాన్ని.

దీనికంతటికీ మూలం మేడం. మాలాగా పరాయి దేశాల నుంచి వచ్చే పిల్లల్ని ఇళ్లలో పెట్టే సంస్థ తరఫు మనిషి. మేం రాకముందే కుటుంబాలన్నిటినీ కూర్చోబెట్టి పాఠం చెప్పిందట. "ఆ పిల్లలు ఏం చేస్తే మీరూ అది చేయండి. ఎందుకు అని మాత్రం అడక్కండి. అడిగితే చిన్నబుచ్చుకుంటారు." ఈ సంగతి హెడ్‌ఫోన్ ఒక చెవి కాస్త తెరిచి నాకు చెప్పింది.

నాలుగు మాటలు కూడగట్టుకోగానే నిజం చెప్పేశాను. "అంకుల్, మేమూ బల్ల మీదే తింటాం. ఆ రోజు నా దిద్దు మర పడిపోతే వెతుక్కుంటున్నాను. అంతే."

అంకుల్ చెంచా కింద పెట్టి గుండెల మీద చెయ్యి వేసుకున్నాడు. "మేడం ముందే చెప్పారండీ. 'మీకు ఇబ్బందని ఆ అమ్మాయి కాదంటుంది, అప్పుడు మీరు ఇంకా గట్టిగా పాటించాలి' అన్నారు."

"ఇబ్బందేమిటి అంకుల్, నిజం చెప్తున్నాను!"

"ఎంత మంచి మనసండీ మీది!" అంది ఆంటీ కళ్లు తుడుచుకుంటూ.

చూశారా, ఆ 'అండీ'! వాళ్ల భాషలోనూ నువ్వు వేరు, మీరు వేరు. పదహారేళ్ల దాన్ని పట్టుకుని ఇంటిల్లిపాదీ మీరు, తమరు. ఒకసారి చెయ్యి జారి కప్పు పగలగొట్టాను. మా ఇంట్లో అయితే వీధి వీధంతా వినేది. ఇక్కడ ఆంటీ ఒక్క క్షణం ఆలోచించి, తనూ ఒక కప్పు నేలకేసి కొట్టి నా వంక చూసి నవ్వింది. నాకు ఏడుపొచ్చింది. ప్రతి ఆదివారం అమ్మ వీడియో కాల్ చేసి "వాళ్లెవరూ తిట్టట్లేదు కదే?" అని అడిగేది. "పల్లెత్తు మాట అనరమ్మా" అనేదాన్ని, బోసి చెవి మీద జుట్టు కప్పుకుంటూ. "అదృష్టవంతురాలివి" అనేది. ఆ అదృష్టంతో నాకు ఆకలి చచ్చిపోయింది.

ఇలా కాదని ఒకరోజు మొండికేశాను. కుర్చీ లాక్కుని దర్జాగా బల్ల మీదే కంచం పెట్టుకున్నాను. ముగ్గురూ మాత్రం కిందే కూర్చున్నారు. కాసేపటికి కింది నుంచి ఆంటీ చెయ్యి ఒకటి పైకి లేచి, తడుముకుంటూ వచ్చి, నా నుదురు దొరకబుచ్చుకుని జ్వరం చూసింది. సాయంత్రానికి మేడం దిగింది. ఫైలు చంకన పెట్టుకుని బల్ల కింద దూరి చుట్టూ చూసింది.

"వెలుతురు ఎక్కువైంది. వాళ్ల దేశంలో బల్ల కింద ఇంత వెలుతురు ఉండదు. పాపం, ఇంటి మీద బెంగ పెట్టుకుంది."

"మీరెప్పుడైనా మా దేశం వెళ్లారా మేడం?" అన్నాను పళ్లు నూరుతూ.

"విమానంలోంచి చూశాను."

అంతే, బల్ల చుట్టూ దుప్పటి దిగింది. చీకట్లో ఎవరి సూపు ఎవరు తాగుతున్నామో తెలిసేది కాదు.

సరే, బామ్మ దగ్గరే తిందామని ఒకరోజు నా కంచం పట్టుకుని ఆవిడ గదిలోకి వెళ్లాను. చాప వేసుకుని కూర్చున్నానో లేదో, వెనకాలే అంకుల్ పొడుగాటి స్టూలొకటి తెచ్చి నా నెత్తి మీదుగా నిలబెట్టాడు. బామ్మ నన్నూ స్టూలునీ మార్చి మార్చి చూసి నోరు తెరవబోయింది.

"అమ్మా, అడక్కూడదు," అన్నాడు అంకుల్.

ఆవిడ మూతి ముడుచుకుని కిటికీ వైపు తిరిగింది. స్టూలు కింద నాకు చచ్చేంత సిగ్గేసింది.

స్కూల్లో సంగతి చెప్పక్కర్లేదు. హెడ్‌ఫోన్ పుణ్యమా అని క్యాంటీన్‌లో నా కోసం ఒక బల్ల బెంచీలు తీసేశారు. ప్రిన్సిపాల్ స్వయంగా వచ్చి నాతో పాటు కింద భోంచేశాడు. దూరేటప్పుడు ఆయన బట్టతల బల్ల అంచుకి ఠంగుమని కొట్టుకుంది. "అద్భుతమైన అనుభవం!" అన్నాడు తల రుద్దుకుంటూ. మర్నాటి నుంచి మా క్లాసు పిల్లలంతా బల్ల కిందికి వచ్చేముందు భక్తిగా ఒకసారి నెత్తి కొట్టుకోవడం మొదలుపెట్టారు.

ఇంతలో అంకుల్‌కి తల్లి మీద బెంగ పుట్టింది.

"మా అమ్మ పక్కన లేకపోతే తిన్నట్టే ఉండట్లేదండీ," అన్నాడు దుప్పటి చీకట్లో.

నాకు ప్రాణం లేచొచ్చింది. "మరి అందరం పైనే కూర్చుంటే సరిపోతుందిగా అంకుల్!"

"అదెలా? మీకు అలవాటు, ఆవిడకి మోకాళ్లు. రెంటికీ లోటు రాకూడదు. ఇంత పని తెలిసినవాణ్ని నేనెందుకున్నాను?"

పైకప్పుకి కొక్కెం బిగించాడు. పాత లిఫ్టు మోటారొకటి, ఇనప తాడు తెచ్చాడు. బల్ల కాళ్లకి ఇనప గొట్టాలు తొడిగి ఎత్తు చేశాడు. నేను వద్దు వద్దని నెత్తీ నోరూ కొట్టుకుంటుండగానే బామ్మ కుర్చీ కాళ్లు నాలుగూ కోసి, కుర్చీని ఆ తాడుకి వేలాడదీశాడు. కుర్చీ బల్ల పక్కన కిందికి దిగుతుంది, దిగాక నేలకి బిగించిన పట్టాల మీద బల్ల కిందికి జరుగుతుంది. గోడకి రెండు బొత్తాలు, ఒకటి పై బాణం, ఒకటి కింది బాణం. పక్కనే రేకు పలక: ఒక్కరు మాత్రమే. బంగాళాదుంపల బస్తాని ఎక్కించి చూస్తే అది చక్కగా దిగి బల్ల కింద చేరింది.

ఆదివారం మధ్యాహ్నం ముహూర్తం. ఫొటో తీయడానికి మేడం కూడా వచ్చింది. అందరం దుప్పటి ఎత్తి లోపల కూర్చున్నాం. బామ్మ తన కుర్చీ మొండి కాళ్లు ఒకసారి తడిమి చూసుకుని ఎక్కింది. అంకుల్ చెయ్యి చాపి కింది బాణం నొక్కాడు. మోటారు గుర్రుమంది, కుర్చీ ఊగింది, కొంచెం దిగింది, టక్కున ఆగిపోయింది. బామ్మ గడ్డం సరిగ్గా బల్ల అంచు దగ్గర నిలిచింది. బల్ల మీదా కాదు, బల్ల కిందా కాదు. కాళ్లు మాత్రం మా మొహాల ముందు వేలాడుతున్నాయి.

"కంగారు పడకమ్మా, ఫ్యూజు!" అని అంకుల్ టెస్టర్ తీశాడు.

నేనిక ఉండబట్టలేక బయటికి పాకి వచ్చి బామ్మ ఎదురుగా నిలబడ్డాను. ఆవిడ చేతిలో చెంచా ఉంది. నన్ను కిందికీ పైకీ చూసింది.

"ఏమే పిల్లా! ఆ రోజు బల్ల కింద దేనికి దూరావే?"

దుప్పటి లోంచి మేడం తల బయటికొచ్చింది. "అయ్యో, అడక్కూడదండీ!"

"నువ్వు కాసేపు నోరు మూసుకోవమ్మా. వేలాడుతున్నదాన్ని నేను, నేనడుగుతాను. చెప్పవే!"

"దిద్దు మర పడిపోయింది బామ్మా," అన్నాను.

"దొరికిందా?"

ఆ ఒక్క మాటకి నా దుఃఖం కట్ట తెంచుకుంది. ఇన్నాళ్లలో నన్ను ఆ మాట అడిగినవాళ్లు లేరు. "లేదు బామ్మా," అని వెక్కి వెక్కి ఏడ్చాను.

"పోయింది వెతుక్కోకుండా ఇన్నాళ్లూ అక్కడ కూర్చుని సూపు జుర్రుతున్నావా? బుద్ధుందా నీకు? ముసలిదాన్ని నన్ను గదిలోకి తోలేస్తే చూస్తూ ఊరుకుంటావా? నోరు లేదూ?"

"చెప్పాను బామ్మా, నమ్మలేదు!"

"నమ్మేదాకా అరవాలి! నీ వయసులో నేనైతే ఇల్లు పీకి పందిరేసేదాన్ని!" అని, కిందికి చూసి, "ఒరేయ్, నా కుర్చీ కాళ్లు కోస్తావురా? వెధవా! ముందు నన్ను దించు!"

ఆవిడ తిడుతుంటే నా భుజాల మీది బరువంతా దిగిపోయింది. ఇంకో నాలుగు తిడితే బాగుండునని అక్కడే నిలబడ్డాను. తిట్టింది కూడా.

అంకుల్ నెత్తిన దుప్పటితో బయటికొచ్చాడు. "అయితే... నిజంగా మర కోసమేనా?"

"నిజంగా అంకుల్."

"మరి కప్పు?" అంది ఆంటీ.

"చెయ్యి జారింది ఆంటీ."

"నేను చక్కటి సెట్టు పాడుచేసుకున్నాను," అని ఆంటీ నీరసంగా కూలబడింది. మేడం ఫైలు తెరిచి, ఏం రాయాలో తోచక మూసేసి, పనుందని వెళ్లిపోయింది.

బామ్మని అందరం చేతుల మీద దించాం. తర్వాత దీపాలన్నీ వేసి బల్ల కింద మర కోసం వెతికాం. హెడ్‌ఫోన్ మొదటిసారి హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టి మరీ వెతికింది. దొరకలేదు. అంకుల్ వెళ్లి బొత్తాల పెట్టె విప్పి, అందులోంచి చిటికెన వేలి గోరంత నట్టు ఒకటి తీసి నా దిద్దుకి బిగించాడు. "ఇది ఊడదులే అమ్మా," అన్నాడు. ఆ 'మీరు', ఆ 'అండీ' ఎగిరిపోయాయి. నా చెవికి ఇప్పటికీ ఆ లిఫ్టు నట్టే ఉంది.

చల్లారిన సూపు వేడిచేసుకుని బల్ల దగ్గర కూర్చున్నాం. గొట్టాలు ఇంకా తీయలేదు కాబట్టి కంచాలు మా గడ్డాల ఎత్తున ఉన్నాయి. బామ్మ కుర్చీ కింద ఇటుకలు పెట్టాం. ఆవిడ కిటికీ పక్కన తన చోట్లో కూర్చుని, ఇన్నాళ్ల మెట్ల కబుర్లన్నీ ఒకేసారి అందుకుంది. అప్పుడే అమ్మ ఫోనొచ్చింది.

"తిట్టట్లేదు కదే?"

"తిట్టారమ్మా. ఇవాళ బాగా తిట్టారు."

అమ్మ మొహం తెరకి దగ్గరగా వచ్చింది. "ఎవరే? ఎందుకు?" అంది అమ్మ గొంతు తగ్గించి. మొత్తం చెప్పాను, మరతో సహా.

"తిట్టక నెత్తిన పెట్టుకుంటారా?" అని అమ్మ ఒక్కసారిగా లేచింది. "దిద్దు మర పోగొట్టావా! పైగా పెద్దావిణ్ని గాల్లో వేలాడదీస్తావా! నువ్వు రా, చెప్తాను నీ పని!"

"మీ అమ్మేనా? ఏమంటోంది?" అంది బామ్మ.

"తిడుతోంది."

బామ్మ ఫోన్ లాక్కుంది. ఆవిడ వాళ్ల భాషలో, అమ్మ మన భాషలో, ఇద్దరూ ఒకేసారి నన్ను తిట్టడం మొదలుపెట్టారు. ఒకరి మాట ఒకరికి ఒక్కటీ తెలీదు. అయినా ఆగిన చోటల్లా ఔనౌనని తలలూపుకుంటున్నారు. చివర్లో అమ్మ కొంగుతో కళ్లొత్తుకుంది, బామ్మ తిట్లు ఆపి ఫోన్ మీద చేత్తో నిమిరింది.

"సరిగ్గా కూర్చోవే, సూపంతా ఒలికిపోతోంది," అని ఆంటీ కూడా నా వీపు మీద ఒక్కటిచ్చింది.

నాకు ఆకలి వేసింది. ఇంకో గరిటె వేయమన్నాను.